నీళ్లు తోడినవాడి అంజీర్ తోట

నాకంటే నా కోపం రెండు నిమిషాలు ముందు పుట్టిందని మా ఆవిడ అంటుంది. నిజమే కావచ్చు. అంజీర్ మొక్కల సంగతి చెప్పాలంటే ఆ కోపం గురించి కూడా చెప్పక తప్పదు. దానికంటే ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి.

బొగ్గుగనిలో నేను పంప్ ఆపరేటర్‌ని. భూమి లోపల మనుషులు తవ్వే చోటికి నాలుగు వైపుల నుంచీ నీళ్లు ఊరుతుంటాయి. ఆ ఊటంతా ఒక గుంటలోకి చేరుతుంది. గుంట పక్కన పంపు, పంపు పక్కన నేను. ముప్పై ఏళ్లు అదే పని. నీళ్లు పెరిగితే మేనేజర్ దగ్గర్నుంచి బొగ్గు నింపేవాళ్ల దాకా అందరూ నన్నే తిట్టేవాళ్లు. తగ్గితే నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండేది కాదు. నేను పైకి పంపిన నీళ్లు నల్లగా, ఒక కాలువలో పడి వాగులో కలిసిపోయేవి. అన్ని నీళ్లు నా చేతి మీదుగా పోయినా, వాటితో ఒక్క మొక్క కూడా మొలవలేదన్న ఆలోచన రిటైర్ అయ్యే ఏడాది నుంచి నన్ను పట్టుకుంది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాదే దవాఖానాలో డాక్టరమ్మ నాకు రక్తం తక్కువగా ఉందని, రోజూ రెండు అంజీర్ పళ్లు నానబెట్టుకుని తినమని చెప్పింది. బజారులో దండల్లా గుచ్చి వేలాడదీసే ఎండు పళ్లు తప్ప నేను అంజీర్‌ను చూసింది లేదు. కారేపల్లి వైపు ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, దారిలో ఒక రైతు తోటలో చెట్టు మీది పండు తిన్నాను. చీల్చితే లోపల ఎర్రగా, సన్నటి గింజలతో, తేనె రాసినట్టు ఉంది. అక్కడే నిలబడి, "ఇది నేను పెంచుతా" అన్నాను.

మా ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఇంట్ల తులసికి చెంబెడు నీళ్లు పోసిన మొఖమేనా ఇది?" అంది.

భూమి ఆమెది. టేకులపల్లి దాటాక, చేలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట, వాళ్ల నాన్న పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం. పైభాగం గులకరాళ్ల ఎర్ర చెల్క, కిందిభాగం జిగట మన్ను, ఓ మూలన పాత బావి. అంతవరకు పత్తికి కౌలుకిచ్చేవాళ్లం. చుట్టుపక్కల అందరూ జామాయిల్ వేసేసుకున్నారు. దానికి నీళ్లక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, పెరిగాక లారీ వచ్చి కాగితం మిల్లుకు కొట్టుకుపోతుంది. ఆమె కూడా అదే వేద్దామనుకుంది. నేను పట్టు పట్టాను. వారం రోజులు ఇంట్లో పళ్లేల చప్పుడు తప్ప మాటలు లేవు. ఆఖరికి ఆమే దారికొచ్చింది, ఒక షరతు మీద.

"వచ్చే మృగశిర కార్తె నాటికి సగం మొక్కలు పానంతోని ఉండాలె. ఉంటే నీ ఇష్టం. లేకుంటే జామాయిల్ పెడ్త. మల్ల నాకు కథలు చెప్పొద్దు."

"అవ్, సగమేంది, అన్నీ ఉంటయ్" అన్నాను. జామాయిల్ ఒకసారి నాటితే మూడు కోతల దాకా ఆ నేల వేరే దేనికీ దొరకదు. నా వయసుకు దాని అర్థం, ఇక ఎప్పటికీ దొరకదని.

నర్సరీ నుంచి అరవై మొక్కలు తెచ్చాను. డయానా ఇరవై, పూనా ఇరవై, బళ్లారి ఇరవై. ఏది ఏదో ఆకు చూసి చెప్పగలిగే జ్ఞానం లేక, పేర్లు రాసిన అట్టముక్కలు ఒక్కో మొక్కకూ కట్టాను. మొదటి వానకే అక్షరాలు కొట్టుకుపోయాయి. నర్సరీ అతను డ్రిప్పు పెట్టుకోమన్నాడు. ఆ సన్నటి గొట్టాన్ని, అందులోంచి పడే బొట్టును చూస్తే నాకు ఒళ్లు మండింది. తొడంత లావు పైపులు తిప్పిన చేతులివి. చుక్కలు లెక్కపెట్టడానికా నేను పుట్టింది? కాలువలు తీసి, బోదెలు కట్టి, పారకం పెడతానన్నాను. అతను భుజాలెగరేసి డబ్బు తీసుకున్నాడు.

చలికాలం దాకా మొక్కలు ఆరోగ్యంగానే ఉన్నాయి. అడవి నుంచి కోతులు దిగి రెండింటిని పీకి, రుచి నచ్చక పారేసి పోయాయి. మిగతావి మోకాలి ఎత్తుకొచ్చాయి. శివరాత్రి దాటి ఎండ ముదిరాక నా అసలు డ్యూటీ మొదలైంది.

డ్యూటీ అనే మాట ఊరికే వాడలేదు. గనిలో నా రోజును మూడు షిఫ్టులు నడిపాయి. రిటైరైనా ఒంట్లోంచి అవి పోలేదు. పొద్దున ఏడు కొట్టగానే బావి దగ్గర మోటారు వేసేవాణ్ణి, మొదటి షిఫ్టు. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ వేసేవాణ్ణి, అది రెండో షిఫ్టు. మూడో షిఫ్టుకు మా ఆవిడ ఒప్పుకోలేదు కాబట్టి మొక్కలు ఆ మాత్రం ఊపిరి పీల్చుకున్నాయి. మోటారు వేసి పక్కనే బండ మీద కూర్చునేవాణ్ణి. దాని చప్పుడు వింటుంటే మనసుకు ఎంతో హాయిగా ఉండేది. మోటారు తిరుగుతోందంటే పని జరుగుతోందని నా లెక్క. నేల తడిగా ఉందా పొడిగా ఉందా అని వంగి చూడాలన్న ఆలోచన ఒక్కరోజూ రాలేదు. గనిలో గుంట ఎండిందో లేదో చూశాక మోటారు వేసే పద్ధతి లేదు. అక్కడ నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. మోటారు ఆగకపోవడమే అక్కడ మంచి ఆపరేటర్ గుర్తు.

పది పదిహేను రోజులకు కిందిభాగంలో ఆకులు పసుపురంగుకు తిరిగాయి. దాహం అనుకున్నాను. ఇంకో అరగంట పెంచాను. ఆకులు వాలాయి. ఇంకో గంట పెంచాను. మొదట రాలిన ఆకును చేతిలో పట్టుకుని, ఎండను నానా తిట్లూ తిట్టాను.

మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చిన మా ఆవిడ గట్టు మీద నిలబడి అంతా చూసింది. "నీకు నీళ్లు తోడి పారబోసుడే తెల్సు. మొక్కకు పెట్టుడు ఎట్ల తెలుస్తది?" అంది.

"నీకేం తెల్సు? ముప్పై ఏండ్లు చేసిన నేను" అని అరిచాను. ఆమె గిన్నె కింద పెట్టి వెళ్లిపోయింది. నేను మోటారు ఆపలేదు. ఆ సాయంత్రమే అది కాలింది. పొగ, కాలిన వాసన, తర్వాత నిశ్శబ్దం. ముప్పై ఏళ్లలో నా చేతిలో ఒక్క మోటారు కాలలేదు. సొంత పొలంలో, సొంత మోటారు, రెండు నెలల్లో కాల్చాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మోటారు విప్పి ఆటోలో వేసుకుని టేకులపల్లి తీసుకెళ్లాను. అక్కడ మోటార్లు చుట్టే ముసలాయనను అందరూ ఉస్తాద్ అంటారు. తాతల నాటి నుంచీ వాళ్లది చేతిపనుల కుటుంబం. ఆయన మోటారు విప్పి, లోపల రాగితీగ చుట్టలను కళ్లజోడు పైకి నెట్టి చూశాడు.

"ఏం నౌకరీ చేసినవ్ భాయ్?"

అబద్ధం చెబుదామా అనిపించింది. "బొగ్గుబాయిల పంప్ ఆపరేటర్" అన్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత నయంగా ఉండేది. "అన్ని కాయిల్స్ ఒక్కతీరుగ నల్లగైనయ్. కరెంటుది కాదు తప్పు. మోటారుకు ఆరాం ఇయ్యలే నువ్వు. గన్ని నీళ్లు దేనికి పెడ్తున్నవ్? వరికా?"

"అంజీర్‌కు."

ఉస్తాద్ చేతిలోని పట్టకారు కింద పెట్టాడు. లేచి రమ్మని, కొట్టు వెనక పెరట్లోకి తీసుకెళ్లాడు. అక్కడ గోడవార ఒక అంజీర్ చెట్టు. కొమ్మకొమ్మకూ కాయలు. ఏ రకమో ఆయనకూ తెలియదట, వాళ్ల నాన్న ఎక్కడి నుంచో కొమ్మ తెచ్చి గుచ్చాడట. చెట్టుకు నాలుగు గజాల అవతల ఒక నల్లా ఉంది. నమాజుకు ముందు ఇంట్లోవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కునేది అక్కడే.

"దీనికని నేనెన్నడూ నీళ్లు పోయలే. నల్లా ఆడ, చెట్టు ఈడ. దాని వేరు నడుచుకుంట పోయి తాగుతది. నువ్వు నడవనిస్తలేవు. కూసున్న కాడికే తెచ్చి నోట్ల పోస్తున్నవ్. గట్ల పోస్తే ఎవలైనా బతుకుతరా?"

ఆయన కొట్టులోకి వచ్చి ఒక డబ్బాలోంచి గుప్పెడు వెదురు పుల్లలు తీశాడు. మోటారుకు కొత్త తీగ చుట్టాక, అది జారకుండా పైన బిగించడానికి ఆయన వెదురును సన్నగా చీరి పెట్టుకుంటాడు. ఆ పుల్లలే. నా చేతిలో పెట్టి చెప్పాడు.

"మొక్కకు జర దూరంల జానెడు లోతు గుచ్చు. కాసేపాగి తీసి చెంపకు పెట్టుకో. సల్లగుంటే నీళ్లొద్దు. పొడిగ, ఎచ్చగ వస్తే అప్పుడు పోయి. గడియారం చూసి పోయకు."

"మోటారు ఎప్పుడిస్తవ్ ఉస్తాద్?"

"ఎండకాలం భాయ్. చూడు ఎన్ని వడ్డయో. తొమ్మిది దినాలు."

"జల్దీ చెయ్యరాదు? మొక్కలు చస్తయ్."

"మోటారు లేకుంటెనే బతుకుతయేమో" అన్నాడు. ఈసారి నవ్వాడు.

ఇంకొకరు ఆ మాట అని ఉంటే గొడవ పెట్టుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం తల దించుకుని పొలానికి వచ్చాను. ముందు కిందిభాగంలో చచ్చిపోయిన ఒక మొక్కను పెకిలించాను. బలం పెట్టాల్సిన పనే లేకపోయింది, ముట్టుకోగానే ఊడొచ్చింది. వేరు నల్లగా, మెత్తగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ వాసన నాకు బాగా తెలుసు. గనిలో వాడకం మానేసిన సొరంగాల్లో ఏళ్ల తరబడి నిలిచిపోయిన నీళ్ల వాసన అది. ఎండ నా మొక్కల్ని చంపలేదు. నేనే ముంచి చంపాను.

ఆ మొక్కను గట్టు మీద పెట్టాను. తర్వాత వెదురు పుల్లలు పట్టుకుని మొక్క మొక్కకూ తిరిగాను. కిందిభాగంలో గుచ్చిన ప్రతి పుల్లా మంచులా వచ్చింది. అక్కడ ఎన్ని పోతాయో, ఎన్ని ఉంటాయో నేను చేయగలిగింది లేదు, ఆరనివ్వడమే. పైభాగం చెల్కలో పుల్ల వేడిగా, దుమ్ముతో వచ్చింది. రాళ్ల నేల, పెట్టిన నీళ్లన్నీ కిందికి జారిపోయాయి. ఒకే అరెకరంలో ఒకవైపు మొక్కలు మునిగి చస్తున్నాయి, ఇంకోవైపువి ఎండి చస్తున్నాయి. రెండు వైపులకూ నేను ఒకే షిఫ్టు నడిపాను.

పైభాగంలో ఇరవై ఆరు మొక్కలున్నాయి. తొమ్మిది రోజులు మోటారు లేదు. బావికి పాత గిలక ఉంది. తాడు కొత్తది కొన్నాను. రెండు పెయింటు డబ్బాలకు తీగ వేసి, ఒక వెదురు బద్దకు కట్టి కావడి చేసుకున్నాను. ముప్పై ఏళ్లు మోటారుతో నీళ్లు తోడించినవాణ్ణి, ఒక చేద నీళ్ల బరువెంతో అరవై దాటాక తెలిసింది. మొదటిరోజు ఆరు మొక్కలకు పోసేసరికి కావడి దించి గట్టు మీద కూర్చున్నాను. పోసేటప్పుడు నీళ్లు మొక్క మొదలు దగ్గర పోయలేదు. ఉస్తాద్ నల్లా గుర్తుపెట్టుకుని, మొక్కకు మూరెడు దూరంగా చుట్టూ గాడి తీసి అందులో పోశాను. మొదలు చుట్టూ మన్ను ఎగదోశాను. నడవాలి మరి వేరు.

రెండోరోజు మా ఆవిడ అన్నం తెచ్చేసరికి నేను కావడి భుజాన గట్టెక్కుతున్నాను. "ఏంది గిది? పానం మీదికి తెచ్చుకుంటవా? పొయినయ్ పోనియ్, నేనేం అన్న గిప్పుడు" అంది.

"పోనియ్య. నీ జామాయిల్ కోసం నేను పోనియ్య" అన్నాను. ఆమె జామాయిల్ ఊసే ఎత్తలేదు, నేనే నోరు జారాను. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే కావడి బద్దకు, భుజం ఆనే చోట, పాత చీర ముక్క మూడు మడతలు చుట్టి, దారంతో కుట్టి ఉంది. నాకు ఏడుపొచ్చింది. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి ఏడ్చేశాను కూడా. తర్వాత ముక్కు తుడుచుకుని డబ్బాలు నింపాను.

తొమ్మిది రోజులన్నది పదమూడు రోజులైంది. అన్ని రోజులూ మోశాను. చస్తే చావనీ అని ఒక్కరోజు కూడా అనుకోలేదు. రోజూ పుల్ల గుచ్చి, చెంపకు పెట్టుకుని, అడిగినదానికే పోశాను. పేర్ల అట్టలు పోయినా, నర్సరీ అతను చెప్పిన గుణాలను బట్టి ఏది ఏ రకమో అప్పుడే తెలిసింది. డయానాలు మధ్యాహ్నం ఆకులన్నీ వేలాడేసి, ఇదిగో చచ్చిపోతున్నామని నాటకమాడి, సాయంత్రం చల్లబడగానే ఏమీ ఎరగనట్టు తలెత్తేవి. వాటిని చూసి మొదట్లో రెండుసార్లు మోసపోయాను. పూనావి కోపిష్ఠివి. ఒక పూట ఆలస్యమైతే ఆకులన్నీ దులిపేసుకుని ఒట్టి పుల్లల్లా నిలబడేవి, నాలుగు రోజులకు మళ్లీ మొగ్గ తొడిగేవి. వాటి మీద నాకు కొంచెం ఎక్కువ ప్రేమ ఉందంటే ఉంది. బళ్లారివి అసలు అడగవు. ఆకు వాలిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. వాటికి మాత్రం పుల్ల రోజుకు రెండుసార్లు గుచ్చేవాణ్ణి.

మోటారు తెచ్చుకునే రోజు ఉస్తాద్ తన చెట్టు కొమ్మలు మూడు కోసి, తడి గోనెలో చుట్టి ఇచ్చాడు. "మోటారు పక్కన పెట్టు. నువ్వు ఆరాం ఇస్తున్నవా లేదా అవి చూస్తయ్" అన్నాడు. తెచ్చి బావి దగ్గర, ఆయన నల్లాకు చెట్టు ఎంత దూరమో అంత దూరంలో గుచ్చాను. కిందిభాగంలో ఆరిన నేలలో కొన్ని మొక్కలకు కొత్త చిగురొచ్చింది. ఉస్తాద్ అన్న మాట నిజమే, మోటారు కాలడం వల్లే అవి బతికాయి.

రోహిణి కార్తె ఎండలు ఈ అడవి అంచున ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. బొగ్గు నేల, రాతి గుట్టలు, ఆకు రాల్చిన టేకు. గాలి వీస్తే పొయ్యి ముందు కూర్చున్నట్టే. ఆ పదిహేను రోజుల్లో ఇంకొన్ని పోయాయి. పోయినప్పుడల్లా పెకిలించి వేరు చూశాను. ఇప్పుడు ఏ వేరూ నల్లగా లేదు. ఎండకు పోయినవి ఎండకే పోయాయి. అది కొంత ఓదార్పు, కానీ మా ఆవిడ షరతులో ఓదార్పుకు చోటు లేదు.

మృగశిర పొద్దున్నే చిన్న జల్లు పడింది. ఆ రోజు తినాలని బజారులో అందరూ చేపల కోసం ఎగబడుతుంటే మేమిద్దరం పొలానికి వచ్చాం. గట్టు పక్కన బాట మీద ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. దాని నిండా జామాయిల్ నారు. ఆమె ముందే చెప్పి పెట్టుకుందన్నమాట. నాకు కోపం రావాలి. రాలేదు. మాట మాటే కదా.

ఆమె చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని పైభాగం నుంచి మొదలుపెట్టింది. అంజీర్ బతికుందా అని తెలుసుకోవడం తేలిక. గోరుతో కొంచెం గీకితే తెల్లటి పాలు బొట్టు కడుతుంది. చచ్చినదానికి రాదు. ఆకులున్నవాటిని చూసి వదిలేసింది, పుల్లల్లా నిలబడ్డవాటిని ఒక్కొక్కదాన్నీ గీకి చూసింది. పాలొచ్చినప్పుడల్లా వేలు చీరకు తుడుచుకుని ముందుకు నడిచింది. నేను నాలుగడుగుల వెనక నడుస్తూ మనసులో లెక్కపెట్టాను. బావి దగ్గర ఉస్తాద్ కొమ్మలు మూడూ చిగుర్లు వేసి ఉన్నాయి. "ఇవి లెక్కల లేవు" అంది. లేవన్నాను. కిందిభాగం చివరి వరస దాకా వెళ్లాం. ఆఖరున ఒక పూనా. రెండుచోట్ల గీకింది. మూడోచోట కూడా గీకింది. పొడిగా, గోధుమరంగుగా ఉంది.

"ఎన్ని?" అంది, వెనక్కి తిరగకుండానే.

"ఇరువై తొమ్మిది."

ముప్పై కావాలి. ఒక్కటి తక్కువ. బతిమాలుదామనుకున్నాను. ఆ పూనా చిగురిస్తుంది, పది రోజులు ఆగు అని చెబుదామనుకున్నాను. అప్పటికే ఆమె బాట వైపు నడిచింది. నేను బావి గట్టున బండ మీద కూలబడ్డాను. ముప్పై ఏళ్లు, పదమూడు రోజులు, అన్నీ అయిపోయాయనుకున్నాను. ఎదురుగా స్టార్టర్ డబ్బా. ఏం తోచక, ఎప్పటి అలవాటుగా, చెయ్యి దాని మీదికి పోయింది. చివరిసారిగా నీళ్లు పెడదామనుకున్నాను.

ఆటో స్టార్టయిన చప్పుడైంది. తలెత్తి చూస్తే అది వెళ్లిపోతోంది. నారు దించలేదు. ట్రాలీలో నారు అట్లాగే ఊగుతూ మలుపు తిరిగింది.

మా ఆవిడ వెనక్కి వచ్చింది. నాకేమీ అర్థం కాలేదు. "సగం కాలేదు గద" అన్నాను.

"సగమన్నది నేనే. నా భూమిల సగమంటే ఇరువై తొమ్మిదే. నీకేమైంది నడుమ?"

నా పక్కన నేల మీద పెట్టిన వెదురు పుల్లల్లోంచి ఒకటి తీసుకుంది. దగ్గర్లోని బళ్లారి మొక్కకు కొంచెం దూరంగా జానెడు లోతు గుచ్చింది. నడుము మీద చేతులు పెట్టుకుని కాసేపాగింది. తీసి, మన్ను దులపకుండానే చెంపకు ఆనించుకుంది. నేను ఆ పుల్లతో చేసే పనిని ఆమె ఇన్నాళ్లూ గట్టు మీద నుంచి చూసిందని నాకు అప్పుడు తెలిసింది.

"సల్లగుంది. మోటారు ఎయ్యకు" అంది.

నేను స్టార్టర్ మీది నుంచి చెయ్యి తీసేశాను.